అడుగు కనపడే రాయి

మొన్న ప్రొద్దుటూరులో ఒక అమ్మాయి నా ముక్కు చూసి జాలిపడింది.

మా ఆఫీసులో నాతో పనిచేసే ఆవిడ వజ్రాల కమ్మలు కొనుక్కుంటానంటే పులివెందుల నుంచి తోడు వెళ్లాను. బంగారు అంగళ్ల వీధిలో కొత్తగా వచ్చిన అద్దాల అంగడి అది. లోపల చల్లగాలి, నెత్తిమీద లెక్కలేనన్ని దీపాలు. అమ్మే అమ్మాయి చక్కగా నవ్వుతూ, బాగా వల్లెవేసిన పాఠం అప్పజెప్పినట్టు రంగు, మచ్చ, బరువు గురించి చెప్పి, చివరికి కట్, అంటే రాయిని కోసిన తీరు, దగ్గరికి వచ్చింది.

"రంగూ మచ్చా నేల ఇచ్చేవి మేడం. కట్ ఒక్కటే మనిషి ఇచ్చేది. అది బాగుంటేనే మెరుపు, అది బాగుంటేనే ధర" అంటూ ఒక చిన్న గొట్టంలో రాయి పెట్టి మమ్మల్ని కన్ను ఆనించమంది. లోపల బాణాల్లాగా వరుసగా గీతలు కనిపించాయి. కట్ కుదిరిన రాయిలోనే అట్లా కనిపిస్తాయట. మా ఆఫీసు ఆవిడ ముచ్చటపడి చూస్తూ ఉంటే ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"మేడం, ఏమనుకోకండి. మీ ముక్కుపుడక రాయి పెద్దదే గానీ కట్ బాలేదు. రాయి లోంచి చర్మం కనపడ్తాంది చూడండి. ఎక్స్‌ఛేంజిలో మార్చుకోండి. చిన్నదైనా ఇంతకింత మెరుస్తాది."

నిజానికి నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. "ఏంది మే, నీలో నువ్వే నవ్వుకుంటాండావు?" అని మా ఆఫీసు ఆవిడ మోచేత్తో పొడిచింది. అద్దాల అంగట్లో కూర్చుని ఆమెకు మా అత్త సంగతి ఎక్కడినుంచి చెప్పుకొచ్చేది? మార్చనని మాత్రం చెప్పి ఊరుకున్నాను. వచ్చేటప్పుడు బస్సులో దారంతా అత్తే.

అత్త అంటే మా నాయనకు అక్క. జమ్మలమడుగులో, పెన్నకు పోయే దారిలో వాళ్లిల్లు. శనగా పత్తీ పండే నల్లరేగడి చేను వాళ్లది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. ఇంటికి ఎవరొచ్చినా "ఎప్పుడొచ్చినావు" అని అడగడం ఆమెకు చేతకాదు. "ఎప్పుడు పోతావు" అని అడిగేది. పాపం కొత్తవాళ్లు ముఖం చిన్నబుచ్చుకునేవాళ్లు. పోతానని లేస్తే వాకిట్లో చెప్పులు ఉండేవి కావు. దాచిపెట్టి ఉండేది. సంగటి గిన్నె అడుగున అంటుకున్న మాడును గోకి గోకి తనే తినేది. మేం చేయి చాపితే "ఇది మీకు అరగదు" అనేది. అది పచ్చి అబద్ధమని నేను పెద్దయ్యాక గానీ తెలుసుకోలేదు. ఆ మాడంత రుచి సంగటికి ఉండదు.

మనుషులను ఆమె వెడల్పు, లోతు అని రెండుగా పెట్టుకునేది. ఎలక్షన్లప్పుడు చేతులు జోడించుకుంటూ వీధిలోకి వచ్చి పోయినవాళ్ల వీపు చూసి, "వెడల్పు శానా ఉండాది, లోతే ల్యా" అనేది. బంధువుల్లో ఎవరికైనా మంచి అల్లుడు దొరికాడంటే, "లోతుండాదా?" అని అడిగేది. ఆ కొలతలు ఆమెకు ఎక్కడివో నాకు అప్పట్లో తెలియదు.

ఇంకొక అలవాటు తల వంచడం. అరుగు మీద మామ పక్కన కూర్చున్నప్పుడు, పెళ్లిళ్లలో పదిమందిలో ఉన్నప్పుడు, అత్త తల ఎడమవైపుకు కాస్త వాల్చి గడ్డం కొంచెం పైకెత్తి ఉంచేది. మెడ పట్టేసిందేమో అనిపించేది చూసేవాళ్లకు. ముక్కుకు పెద్ద రాయి పెట్టుకున్నానని గర్వం అనేవాళ్లు వీధి ఆడవాళ్లు. మా అమ్మ అయితే ఇంటికి వచ్చాక అచ్చం అట్లాగే తల వాల్చి చూపించేది, మేం పడీపడీ నవ్వేవాళ్లం. వంటింట్లో మాతో ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం అత్త తల అందరి తలల్లాగే తిన్నగా ఉండేది. అది ఎవరూ గమనించలేదు.

ఆ రాయి సంగతి ఎత్తితే చాలు, మామకు మాట వచ్చేది. మామ పొడుగు మనిషి, బక్కపలచన. చెవులు కొంచెం మందం, అందులోనూ ఆయనకు ఇష్టంలేని మాటలకు మరీ మందం. రోజంతా కలిపి గుప్పెడు మాటలు మాట్లాడితే గొప్ప. అట్లాంటివాడు ముక్కుపుడక కొన్న కథ మాత్రం అడగకపోయినా చెప్పేవాడు.

"ఆ యేడు శనగ బాగా పండె పాపా. దుడ్లు చేతికొచ్చె. నేనొక్కన్నే ప్రొద్దుటూరు పోతి. అంగట్లో తట్టనిండా రాళ్లు పరిచిరి. అన్నీ తళుక్కు తళుక్కుమని కండ్లు చెదరగొడ్తాండాయే గానీ లోపల ఏముండాదో తెలీదు. ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకొని చూస్తి. ఇదొక్కటి పెడితే నా చేతి గీతలు కనపడె. అడుగు కనపడే నీళ్లుంటాయే, అట్ల. ఇదే శుద్ధమైన రాయి అనుకుంటి. శనగబేడంత ఉండాది చూడు. జమ్మలమడుగులో ఇంత రాయి ఇంగెవురికీ ల్యా."

అది విని మా అమ్మ, చిన్నమ్మలు ఔనౌనని తల ఊపేవాళ్లు. మా ప్రాంతంలో ఆ మాటకు ఎవరైనా తల ఊపుతారు. బోరు వేస్తే ఉప్పునీళ్లు, వాన పడితే బురదనీళ్లు. అడుగు కనపడే నీళ్లున్న బావి ఎవరి చేనులో ఉంటే వాళ్ల ఇంటికి పిల్లనివ్వడానికి వరసలో నిలబడతారు. మామ రాయిని కూడా నీళ్లను చూసినట్టే చూశాడు. ఆయన ఆ కథ చెబుతున్నంతసేపూ అత్త అరుగు మీద తల వాల్చి, మారు మాట్లాడకుండా కూర్చునేది. నోరు మూసుకుని ఆమె అంతసేపు కూర్చోవడం ఆ ఒక్క కథకే.

శుక్రవారం శుక్రవారం ఆ పుడకను తీసి కుంకుడు నురగలో నానేసి, మెత్తటి గుడ్డతో వెనకా ముందూ తుడిచి, ఆకాశానికి పెట్టి చూసేది. మొహం కడుక్కోవడానికి కూడా అంతసేపు పట్టేది కాదు. "ఇంత జిడ్డు తగిలినా చచ్చిపోతాది ముండ" అని దాన్ని తిట్టేది. ఆ తిట్టులో ముద్దే ఎక్కువ.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, నా జీతంతో నేను ఒక ముక్కుపుడక కొనుక్కోవాలనుకున్నాను. అత్తను తోడు రమ్మన్నాను. మామ కూడా చొక్కా వేసుకుని బయలుదేరాడు. రాళ్లు చూడటంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. అత్తకు ఆయన రావడం ఇష్టం లేదు. "నడుమునొప్పి అంటివే, ఇంటికాడుండు" అంది. మామకు వినపడలేదు.

ప్రొద్దుటూరులో అది ఇరుకు సందులో పాత అంగడి. శెట్టి మెత్తటి మనిషి. నేను చెప్పిన ధరకు రెండు రాళ్లు తీసి నల్లగుడ్డ మీద పెట్టాడు. ఒకటి వెడల్పుగా, పెద్దగా ఉంది. ఇంకొకటి జొన్నగింజంత. మామ వెంటనే పెద్దదాని మీద వేలు పెట్టాడు. ధర అడిగాడు. శెట్టి చెప్పాడు. చిన్నదాని ధర కూడా అడిగాడు. అది పెద్దదానికంటే ఎక్కువ.

"పెద్దది చవకా? ఇదేం లెక్కప్పా?" అన్నాడు మామ.

"రెండూ ఒకే బరువు పెద్దాయనా" అన్నాడు శెట్టి. "సాన పట్టినోడు వాటం ఎట్ల పెట్టినాడనేదాన్ని బట్టి ఉంటాది. పైన పడిన వెలుగు లోపలికి పోయి, అడుగున తగిలి, మళ్ల పైకే రావాల. అప్పుడే రాయి మెరుస్తాది. అడుగు మరీ లోతైతే వెలుగు పక్కలకు పోయి, నడిమధ్యన నల్లగా అవుపడ్తాది. లోతు చాలకుంటే వెలుగు కిందికి కారిపోతాది. పెద్దగా కనపడాలని రాయిని పలకగా కోస్తారు. చూసేకి వెడల్పు, మెరుపు మాత్రం ఉండదు. కావాలంటే అరచేతిలో పెట్టి చూడు. చేతి గీతలు కనపడినాయంటే..."

"నాకు కండ్లు తిరుగుతాండాయి" అంది అత్త.

అని ఊరుకోలేదు, నా భుజం మీద ఒరిగిపోయింది. శెట్టి మాట అక్కడే ఆగిపోయింది. మామ కంగారుగా లేచాడు. "సోడా తెచ్చియ్యి, బిరీన తెచ్చియ్యి" అంది అత్త కళ్లు మూసుకునే. మామ మెట్లు దిగి సందు మలుపు తిరిగేదాకా నా భుజం మీదే ఉండి, తిరగ్గానే తిన్నగా కూర్చుంది.

"ఆ మాట ఆయన ముందర ఇంగ ఎత్తొద్దప్పా" అంది శెట్టితో.

శెట్టికి ముందు అర్థం కాలేదు. తర్వాత ఆమె ముక్కు వైపు చూశాడు. చూసి తల దించుకుని, ఆ పెద్ద రాయి తీసి డబ్బీలో పెట్టేశాడు. మామ గోలీసోడా తెచ్చాడు. అత్త పాపం ఒక్క చుక్క కూడా వదలకుండా తాగింది. నేను జొన్నగింజంత రాయి తీసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు మామ బస్సులో ముందు సీటులో కూర్చుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఎండకు అలసిపోయాడనుకున్నాం.

వెనక సీటులో అత్త నా చెవిలో అంతా చెప్పింది. ఆమె గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

"మా అమ్మ ముక్కున జొన్నగింజంతే ఉన్నింది పాపా రాయి. పొయ్యి ముందర వంగి ఊదుతాంటే ఇల్లంతా మెరిసేది. నేను దాన్ని చూసి పెరిగిన దాన్ని. మీ మామ ఇది తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడే తెలిసిపాయ. పెట్టుకొని అద్దంలో చూస్తే రాయి లోంచి నా ముక్కే కనపడె. కానీ ఆయప్ప మొగం చూడాల్సింది. చేనంతా పండినప్పుడు గూడా అంత సంతోషం చూడలేదు నేను. ఎట్ల చెప్పేది?"

"మరి తల వంచడం?"

"అది ఒక్క వాటానే మెరుస్తాది. యా పక్క తిరిగితే మెరుస్తాదో అద్దం ముందర కనుక్కొనేకి నాకు ఒక నెల పట్టె. ఆయప్ప చూసేటప్పుడన్నా మెరవాల గదా." నా చెయ్యి పట్టుకుంది. "అంత పెద్ద రాయి తెచ్చినానని ఊరూరా చెప్పుకుంటాడు. ఈ మాట ఆయన చెవిన పడితే ఇంగ తలెత్తుకోలేడు. పడకూడదు పాపా."

అంతవరకూ మా అమ్మ చేసి చూపించినప్పుడల్లా నవ్విన నాకు ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయి వచ్చేదాన్ని. ఎప్పటినుంచో సరిగ్గా చెప్పలేను గానీ, ఒకసారి పోయేసరికి మామ మంచం చోటు మారింది. వాళ్లది పడమటి ముఖం ఇల్లు. మామ ఎప్పుడూ అరుగు మీద అత్తకు ఎడమపక్కన, తలుపు దగ్గర నీడలో మంచం వేసుకునేవాడు. ఇప్పుడు కుడిపక్కన, అరుగు అంచున, సాయంత్రం ఎండ తిన్నగా కొట్టే చోట వేసుకున్నాడు. నెత్తిన తువ్వాలు కప్పుకుని, కళ్లు చికిలించుకుని కూర్చున్నాడు. మా కడప జిల్లా ఎండలో బుద్ధి ఉన్న మనిషి ఎవడూ చేయని పని అది.

"మెదడు ఉడికిపోతాది. ఈ పక్క రా నీడకు" అని అత్త అరిచేది.

"నడుముకు ఎండ మంచిదంట."

"యా డాక్టరు చెప్పె?"

"చెప్పినాడులే ఒకడు."

రోజూ సాయంత్రం ఈ తగువే. అత్త తిడుతూనే తల ఎడమకు వాల్చేది. మామ చెమటలు కక్కుతూ ఆమెను చూసేవాడు. ముసలితనంలో మొండితనం ఎక్కువైందని నేను కూడా అనుకున్నాను.

పోయిన చలికాలం అత్త పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఇంకా మాట ఉన్నప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, "పుడక నీకే ఇమ్మని చెప్పినా. మంచిగా సాన పట్టిచ్చుకో. కానీ మీ మామ ముందర పట్టిచ్చొద్దు. నువ్వొక్కదానివే పో" అంది. అదే ఆమె నాతో మాట్లాడిన ఆఖరు మాట. ఎప్పుడు పోతావు అని మాత్రం అడగలేదు. ఆ రోజు నా చెప్పులు వాకిట్లో విడిచిన చోటే ఉన్నాయి. వాటిని చూసి ఏడ్చినంతగా నేను ఇంక దేనికీ ఏడవలేదు.

పుడక తీసేటప్పుడు దాని వెనక మర వంగిపోయింది. కొత్త కట్టు కట్టించాలి. నేను పోయి వస్తానని మామకు ఫోన్ చేశాను. ఎండగా ఉంది, బస్సుల్లో తోపులాట, నువ్వెందుకు అన్నాను. "కొనింది నేను. కట్టించేదీ నేనే" అన్నాడు. ఇంక ఆయనకు నా మాట ఏదీ వినపడలేదు.

దారిపొడవునా నాకు అదే దిగులు. అదే అంగడి, అదే శెట్టి. జుట్టు తెల్లబడింది, అంతే. పుడక చేతిలోకి తీసుకోగానే భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. నేను ఆయన వైపు కళ్లతో సైగ చేస్తున్నాను గానీ భూతద్దం పెట్టుకున్న మనిషికి అది ఎట్లా కనపడుతుంది? నాకు ఇంకేమీ తోచలేదు.

"మామా, శానా దప్పిగ్గా ఉంది. ఒక సోడా తెచ్చిస్తావా?" అన్నాను.

మామ నా వైపు తిరిగి చూశాడు. చాలా నిదానంగా చూశాడు.

"సోడా వాళ్లే తెప్పిస్తార్లే పాపా. ఈసారి నేను సోడాకు పోను" అన్నాడు. శెట్టి వైపు తిరిగి, "చెప్పప్పా. ఆ పొద్దు సగంలో నిలిపితివి" అన్నాడు.

శెట్టి నన్ను ఒకసారి, ఆయన్ను ఒకసారి చూసి, ఇంక దాచి లాభం లేదన్నట్టు మెల్లగా చెప్పాడు.

"రాయి మంచిదే పెద్దాయనా. రంగు బాగుండాది, మచ్చ లేదు. వాటమే కుదరలేదు, పలకగా కోసినారు. ఇట్లే అయితే దీనికి ధర రాదు. సూరత్‌కు పంపిచ్చి మళ్ల సాన పట్టిస్తే చిన్నదైతాది, బరువు పోతాది. బరువు పోయినా ధర పోదు, పెరగనూ పెరగొచ్చు. అప్పుడు యా పక్కనుంచి చూసినా మెరుస్తాది."

మామ పుడకను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆ గీతలే మళ్లీ చూశాడేమో.

"మా ఆమెకు కండ్లు తిరిగేది నేను పెండ్లయినప్పటినుంచి చూడలేదు పాపా" అన్నాడు. "కాన్పులప్పుడు గూడా తిరగలేదు. ఆ పొద్దే, ఈ శెట్టి మాటకే, ఎందుకు తిరిగె అనుకుంటా పోతి సోడాకు. మలుపు తిరిగేలోపలే అర్థమాయ. ఇంటికి పోయి చూస్తి. నేను వాకిట్లోకి వస్తే తల వంచుతాంది. నేను బయటికి పోతే మామూలుగా పెట్టుకుంటాది. ఎన్నేండ్లు వంచిందో. నేను ఆమెకు ఎడమపక్క కూచ్చొని బీడీ తాగుతా ఉంటి. ఆ మెరుపంతా వీధిలోకి పోతాండె."

అరచేతిలో పుడకను వేలితో తిప్పాడు.

"నాకు తెలిసిందని చెప్పింటే ఆమె కష్టమంతా ఊరికే పోయేది. అందుకని మంచం తెచ్చి ఈ పక్కకు ఏసుకుంటి. ఆ ఎండలో కూచ్చుంటేనే కనపడ్తాది. పొద్దు గుంకేటప్పుడు బాగా మెరిసేది పాపా, శానా బాగా మెరిసేది."

నేను ఏడుస్తున్నాను. శెట్టి నల్లగుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు.

"మరి సాన పట్టిద్దామా?" అని చివరికి అడిగాడు.

"ఒద్దు" అన్నాడు మామ. "అన్ని పక్కలా మెరిస్తే, అది నా కోసరం మెరిసినట్ల ఎట్లయితాది? మర మార్చి ఇట్లే కట్టియ్యి."

కట్టే పని అయ్యేదాకా మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. శెట్టి పుడక నా చేతికిచ్చి అద్దం ముందు పెట్టాడు. నా జొన్నగింజ తీసేసి దాన్ని పెట్టుకున్నాను. అత్త చెప్పింది నిజమే, రాయి లోంచి నా ముక్కే కనపడింది.

వెనక్కి తిరిగి చూస్తే మామ లేడు. మెట్లు దిగి, సందులో ఎండ పడే చోట తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు. నేను గడప దగ్గరికి వచ్చి తల ఎడమకు వాల్చాను.

"అంత ఒద్దు పాపా" అన్నాడు. "ఆమె అంత వంచేది కాదు."

కొంచెం తగ్గించాను. బస్సుకు వేళయిందని శెట్టి గుర్తుచేసినా, మామ ఆ ఎండలోంచి కదల్లేదు.